అత్తగారి తల కదలకూడదు

ముక్కు దురద ఇప్పుడే పుట్టాలా, రెండు చేతుల్లో ఒక్కటీ ఖాళీ లేదు, అత్తగారి తలను అరచేతుల మధ్య బిగించి పట్టుకుని పెరట్లో నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు దర్జీ, ఆవిడ వెల్లకిలా, ఇద్దరి మొహాలూ తలకిందులుగా ఎదురెదురుగా, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆవిడ మొహంలోకి ఇంతసేపు చూసిన పాపాన పోలేదు, తన మెడలోని టేపు జారి ఆవిడ గడ్డం మీద ఆడుతోంది, ఏమయ్యా, కొలతలు తీస్తున్నావా అంటోంది, మాట్లాడండి అత్తయ్యా, తల మాత్రం తిప్పకండి, తిప్పితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చని ప్రథమ చికిత్స శిక్షణలో నర్సమ్మ చెప్పింది, అంబులెన్సు వచ్చేదాకా తల వదలొద్దు, మాట ఆగనివ్వొద్దు, ఊరికొకరు నేర్చుకోవాలంటే అందరూ తలో పనీ చెప్పి తప్పుకున్నారు, కూర్చుని కుట్టుకునేవాడికి పనేముందని ఇతన్ని తోశారు, అక్కడ రబ్బరు బొమ్మ తల పట్టుకుని మంచి పేరు తెచ్చుకున్నాడు, బొమ్మ తిట్టలేదు మరి.

ఈవిడ తిడుతూనే ఉంది, కప్పు మీద పెంకు సర్దమని మూడు నెలలుగా మొత్తుకుంటున్నా, రేపు రేపు అన్నావు, అందుకే నేనే నిచ్చెన ఎక్కా, అవును, ఎక్కింది, నిచ్చెన జారింది, ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది, చేయాల్సిన పని తనది, పడింది ఆవిడ, భార్య వీధి మొదట్లో నిలబడి బండికి దారి చూపించడానికి తువ్వాలు ఊపుతోంది, ఇదివరకు పట్నం నుంచి రావాలంటే రెండు గంటలు, ముందు మనిషి పోయేవాడు, తర్వాత బండి వచ్చేది, ఇప్పుడు నాలుగు రోడ్ల కూడలిలోనే ఉంచుతున్నారు, పాతిక నిమిషాలన్నారు ఫోనులో, పాతిక నిమిషాల తిట్లు తనకో లెక్కా, తిడుతోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట, తిట్టండి అత్తయ్యా, ఇంకా.

ఉన్నట్టుండి మాట ఆగింది, కళ్ళు మూతపడుతున్నాయి, అత్తయ్యా, పలకలేదు, అత్తయ్యా, ఆవిడకు ఒళ్ళు మండేది ఏదో ఒకటి అనాలి, పెంకు సంగతి అయిపోయింది, తన గురక, వంకరగా కుట్టే బొత్తాల కాజాలు, అన్నీ అయిపోయాయి, మిగిలింది ఒక్కటే, పదకొండేళ్ళుగా కడుపులో దాచుకున్నది, అత్తయ్యా, మామయ్యగారు పోయేముందు మీకు కొనిచ్చిన ఆకుపచ్చ పట్టుగుడ్డ, కుట్టమని ఇస్తే ఎలుకలు కొట్టేశాయన్నానే, ఎలుకలు కాదు, నేనే, ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టి మరిచిపోయాను, అన్నాడు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, తెరిచేసరికి ఆవిడ ఒక కన్ను తెరిచి చూస్తోంది, ఎలుకలు ఇస్త్రీపెట్టె ఆకారంలో కొరుకుతాయటయ్యా, నీ పీలికల సంచిలో ఆ రోజే దొరికింది నాకు, మరి ఒక్క మాటా అనలేదేం అత్తయ్యా, అప్పటికే నీ మొహంలో నెత్తురు చుక్క లేదు, ఇంకేం అంటాను.

బండి కూత, పరుగులు, కాలివేళ్ళు కదపమంటే కదిపింది, మెడకు పట్టీ వేశారు, ఇక వదలండి, మేం చూసుకుంటాం అన్నాడు బండిలో వచ్చినతను, చేతులు మాట వినలేదు, వదలవయ్యా అంది అత్తగారు, ముక్కు దురద ఎప్పుడు పోయిందో తెలియదు, పెంకుకూ గురకకూ కాజాకూ తిట్టిన మనిషి, నిజంగా తిట్టాల్సిన ఒక్కదానికి మాత్రం పదకొండేళ్ళు నోరు మెదపకుండా ఊరుకుంది, ఈ నోటికా తను ఇన్నాళ్ళూ భయపడింది.