కన్నుకుంచె

నేను ఒక కుంచెను. చిటికెడు ఉడుత తోక వెంట్రుకలు, పట్టుకోవడానికి ఒక వెదురు పుల్ల, రెండూ విడిపోకుండా బిగించి కట్టిన నూలు దారం. నా ఒళ్ళంతా ఇంతే. ఆత్మకథను పుట్టుకతో మొదలుపెట్టాలని నాకూ తెలుసు. కానీ చాలాకాలం మనుషుల మధ్య మెలిగినదాన్ని కనుక ఒకటి గమనించాను. పుట్టేటప్పుడు ఎవరూ ఏమీ సర్దుకోరు. వెళ్ళిపోయేటప్పుడు మాత్రం ఎంత శ్రద్ధగా సర్దుకుంటారో చూడాలి. అందుకని నేను ఒక సంచితో మొదలుపెడతాను.

ఆ సంచి ఓదెలుది. రేగులపల్లెలో పటాలు వేసే నకాషీ ఇంటివాడు. ఆ పొద్దున పట్నం పోవడానికి సర్దుకుంటున్నాడు. రెండు ధోవతులు, ఒక అంగీ, ఒక సత్తు గిన్నె, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు, వాటన్నిటి పైన వెదురు గొట్టంలో నేను. భార్య సత్తెవ్వ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తున్నది. తనకు సాయం చేస్తున్నదని ఓదెలు అనుకున్నాడు. మగవాళ్ళు అలాగే అనుకుంటారు. అతను ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే ఆమె గొట్టం మూత తీసి, నన్ను బయటికి లాగి, నా స్థానంలో ఒక చీపురు పుల్లను పెట్టి, మూత బిగించింది. నన్ను ఉలవల కుండలో అడుగుదాకా గుచ్చింది. ఓదెలు తిరిగొచ్చేసరికి సంచి మూతికి ముడి కూడా వేసేసింది.

దొంగతనమే. కానీ దాని వెనుక లెక్క వినండి, నవ్వడమో జాలిపడడమో తర్వాత తేల్చుకుందురు గాని.

నకాషీల ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. కథలు చెప్పుకుని బతికేవాళ్ళకు బారెడు వెడల్పు గుడ్డ మీద పటం వేసిస్తారు. గుడ్డకు గంజి పట్టించి, సుద్ద పూసి, ఎర్రరంగు నింపి, రాజులనూ గుర్రాలనూ యుద్ధాలనూ నెలల తరబడి వేస్తారు. అన్నీ వేస్తారు, కళ్ళు మాత్రం వెయ్యరు. అంతదాకా అది గుడ్డే. కథ చెప్పేవాళ్ళు కుటుంబంతో వచ్చి, కొబ్బరికాయ కొట్టి కూర్చున్నాక, వాళ్ళ ముందే కళ్ళు తెరుస్తారు. కళ్ళు తెరిచిన పటం ఇక ప్రాణమున్న మనిషితో సమానం. ఆ పొద్దు గుంకేలోపు వేసినవాడి గడప దాటిపోవాలి. ఉంచుకోవడానికి లేదు. ఎంత ముచ్చటగా కుదిరినా సరే, కన్ను తెరిచిందంటే వెళ్ళిపోయిందన్నమాటే.

ఆ కళ్ళు తెరిచే పనికి ఇంటింటికీ ఒకే కుంచె ఉంటుంది. ఆ ఇంట్లో అది నేను. అప్పుడు గోడకు వేలాడుతున్న పటంలో బొమ్మలన్నీ గుడ్డివే. కన్ను తెరవని పటాన్ని ఇంట్లో వదిలేసిన నకాషీ ఏ ఊళ్ళోనూ కుదురుగా ఉండలేడు, అందులోనూ కన్నుకుంచె ఇంటి దగ్గరే ఉండిపోతే అసలు ఉండలేడు, పరుగున వస్తాడు. ఇదీ సత్తెవ్వ లెక్క. మనిషిని కట్టెయ్యడానికి ఇంత సన్నటి తాడు నేనెక్కడా చూడలేదు. ఆ తాడు నేనే కాబట్టి గొప్పగానూ అనిపించింది.

నన్ను కట్టింది ఓదెలు తండ్రి మల్లేశం. ఉడుతను పట్టి, తోక చివర కత్తిరించి, దాన్ని మళ్ళీ చెట్టెక్కించాడట. ఆ ఉడుత తన చుట్టాలకు ఏం చెప్పుకుందో తెలియదు. కళ్ళు ఎలా పెట్టాలో మల్లేశమే కొడుక్కు నేర్పాడు. దేవతలకు రెప్పపాటు ఉండదు కనుక వాళ్ళ కళ్ళు చేపల్లా సాగి ఉంటాయి. పైరెప్ప ఒకే గీత, చెవిదాకా పోతుంది. రాక్షసుల కళ్ళు పోకచెక్కల్లా గుండ్రంగా, చుట్టూ తెల్లగుడ్డు కనిపిస్తూ ఉంటాయి, రెప్పలు వెయ్యరు. అందుకే రాక్షసులు ఎప్పుడూ ఉలిక్కిపడ్డట్టు ఉంటారు. కథ చివర తమకేమవుతుందో తెలిసినవాళ్ళు ఉలిక్కిపడడంలో తప్పేముంది. రాజుల రెప్పలు కాస్త బరువుగా, తిన్నది అరగనట్టు ఉంటాయి. ఆడవాళ్ళకు నల్లగుడ్డు కంటి మూలకు జరగాలి, ఎవరో వస్తున్నట్టో పోతున్నట్టో. నిద్రపోతున్నవాళ్ళకూ చచ్చిపోయినవాళ్ళకూ ఒకే వంపు గీత. ఆ రెంటికీ తేడా చెప్పుకోవడం కథ చెప్పేవాడి తలనొప్పి.

సత్తెవ్వ ఇవన్నీ వింటూనే ఎర్రరంగు నింపేది. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని అంతవరకే. మిగిలిందంతా మీసాలున్నవాళ్ళ విద్య.

ఆ ఏడు వానల్లేవు. కథ చెప్పేవాళ్ళకే గింజలు దొరకనప్పుడు పటం వేసేవాడికి ఎవడు పెడతాడు. పట్నంలో సినిమా హాళ్ళ ముందు కట్టే పెద్ద బొమ్మలకు రంగులేసేవాళ్ళు కావాలని ఎవరో చెప్పారు. పటం ఎవరికోసం వేశాడో ఆ కథగాడు ఎల్లదాసు, పోయే ముందు కళ్ళు తెరిచి ఇవ్వమని బతిమాలాడు. మేక తెచ్చి, చుట్టాలను పిలిచి చేసుకునే పని, ఇప్పుడెలా అని ఓదెలే వాయిదా వేశాడు. గడప దిగుతూ భార్యతో, "పండుగ దాంక వస్త. వచ్చినంక కండ్లు తెరుస్త," అన్నాడు.

"తెరువకుంటె నేనే తెరుస్త," అన్నది సత్తెవ్వ. ఇద్దరూ నవ్వారు. పరాచికమే అనుకున్నారు.

పండుగ వచ్చింది. ఓదెలు రాలేదు. సత్తెవ్వ కంగారు పడలేదు, బదులుగా ఇంటిపని రెట్టింపు చేసింది. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చేది. బస్సు హారన్ వినిపిస్తే, వినపడనట్టు, చేటలో ఉన్న బియ్యమే మళ్ళీ చెరిగేది. మధ్యలో వచ్చి ఉలవల కుండలో చెయ్యి పెట్టి నన్ను తడిమి చూసుకునేది. నన్ను కంటికి రెప్పలా కాపాడిందని చెప్పాలి. పురుగులు నా వెంట్రుకల్లో సగం తినేశాయన్నది వేరే సంగతి.

ఎల్లదాసు వచ్చినప్పుడల్లా పటం ముందు నిలబడి నిట్టూర్చేవాడు. అతని పాతపటం చిరిగి పేలికలైంది. ఓదెలు పెదనాన్న కొడుకును పిలిపించి కళ్ళు పెట్టిద్దామని ఒకసారి మెల్లగా అన్నాడు. కన్నుకుంచె ఇంట్లో లేదనీ, ఆయనే పట్టుకుపోయాడనీ సత్తెవ్వ చెప్పింది. ఇంకొకరు కన్ను తెరిస్తే పటం వెళ్ళిపోతుంది. పటం వెళ్ళిపోతే ఆయన రావడానికి పనేమీ మిగలదు. ఈ మాట ఆమె ఎల్లదాసుకు చెప్పలేదు. ఉలవలకు చెప్పింది.

చివరికి కబురైతే వచ్చింది. కుమ్మరి సాంబయ్య అల్లుడు పట్నం వెళ్ళి ఓదెలును చూసి వచ్చాడు. వెదురు నిచ్చెన మీద నిలబడి హీరోయిన్‌కు కన్ను వేస్తున్నాడట. ఒక్క కన్ను ఎడ్లబండంత ఉందట. రెప్పకు నీలం రంగట, రెప్పవెంట్రుకలు ఒక్కోటీ బర్రె కొమ్మంతట. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ మూగి వింటుంటే అతనికి చెప్పడానికి మరింత హుషారు వచ్చింది.

సత్తెవ్వ ఒక్కటే అడిగింది. "కుంచె ముచ్చట ఏమన్న చెప్పిండా?"

"చెప్పిండు," అన్నాడు అల్లుడు నవ్వుతూ. "గొట్టంల చీపురు పుల్ల పెట్టినవట గద. మస్తు నవ్వుకున్నడు. గా సన్న కుంచెతోని ఈడ ఏం పని, పండ్ల సందుల కుచ్చుకునుటానికా అన్నడు. పని బాగుందట. ఇప్పట్ల రాడట."

అందరూ నవ్వారు. సత్తెవ్వ కూడా నవ్వింది. ఇక నా సంగతి అడక్కండి. తండ్రి చేతితో కట్టిన కుంచెను, ఎందరు దేవతలను లోకంలోకి తెచ్చినదాన్ని, పళ్ళు కుట్టుకోవడానికి పనికొస్తానట. అదీ చీపురంత కుంచెతో నీలం పూసేవాడి నోట.

మర్నాడు పొద్దున్నే ఆమె నన్ను కుండలోంచి తీసింది. పురుగు తిన్న వెంట్రుకలు ఏరి పారేసి, మిగిలినవి ఉమ్మితో తడిపి మొన తీసింది. ఎల్లదాసుకు కబురు పెట్టింది. అతను భార్యనూ కొబ్బరికాయనూ వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. ఆమె చేతిలో నన్ను చూడగానే, ఇన్నాళ్ళూ నేనెక్కడున్నానో అతనికి అర్థమయ్యే ఉంటుంది, కూర్చుని కాయ పీచు తీయసాగాడు. అడ్డం వచ్చింది ఓదెలు పెదనాన్న. ఆడది కన్ను తెరిస్తే పటం అరిష్టమని గడపలో నిలబడి గట్టిగా చెప్పాడు.

ఎల్లదాసు కాయ పీచు తీస్తూ తల ఎత్తకుండా, "పటం కండ్లతోని చూస్తది తాతా, మీసాలతోని కాదు," అన్నాడు.

సత్తెవ్వ దీపపు మసిలో నన్ను ముంచింది. మొదట దేవతలు. పైరెప్ప గీత చెవి దగ్గరికి పోయేసరికి ఒకచోట కిందికి వాలింది. అందుకే ఆ పటంలో ఒక దేవుడు కాస్త కునుకు తీస్తున్నట్టు ఉంటాడు. తర్వాత రాజులు, రాక్షసులు, గుర్రాలు. ఒక్కొక్కరు కళ్ళు తెరుస్తుంటే ఎల్లదాసు భార్య చెంపలు వేసుకుంటూ పోయింది. చివరన ఒక బొమ్మ మిగిలింది. కథలో వీరుడు యుద్ధానికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చూసే అతని భార్య. మల్లేశం నేర్పిన పద్ధతిలో ఆమెకు కళ్ళు విశాలంగా ఉండాలి, నల్లగుడ్డు దారివైపు జరగాలి.

సత్తెవ్వ ఒక్క వంపు గీత గీసి నన్ను కింద పెట్టింది.

ఎల్లదాసు దగ్గరికొచ్చి చూశాడు. "వదినె, గీమె పండుకున్నదా? లేకుంటె..."

"నిలవడి నిలవడి కండ్లు మూసింది. గంతే."

"మరి కథల నేనేం చెప్పాలె? గీడ ఆమె ఏడ్వాలె, ఆయన ఎన్కకు తిరిగి చూడాలె."

"ఆయన పోతుంటె ఆమె చూడలేదని చెప్పు."

ఎల్లదాసు ఆ గీత మీద ఊది ఆరబెట్టాడు. పొద్దు గుంకేలోపు పటం చుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ కథను అతను ఊరూరా ఆమె చెప్పినట్టే చెప్పాడనీ, ఆ చోట ఆడవాళ్ళు ముందుకంటే ఎక్కువ ఏడ్చారనీ తర్వాత విన్నాం.

ఇక తీరిపోయింది అనుకున్నాను. మూసిన కన్ను మూసినట్టే ఉంటుందని కుంచె అనుకుంటుంది. మనిషి వేరు.

ఏళ్ళు గడిచాక పట్నం మ్యూజియం నుంచి హైమవతమ్మ అనే ఆవిడ వచ్చింది. బొమ్మల్లో కళ్ళూ రెప్పలూ కాలాన్నిబట్టి ఎలా మారాయో చూపే ఒక గది పెడుతున్నారట. కన్నుకుంచె ఒకటి కావాలన్నది. సత్తెవ్వ బేరమాడలేదు. ఆఖరున ఈ కుంచె పట్టిందెవరని ఆవిడ అడిగితే ఓదెలు పేరు చెప్పింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "పేరు పెద్దగ రాయున్రి అమ్మా. ఆయన గా పట్నంలనే ఉన్నడు. ఎన్నడన్న గటుదిక్కు వస్తడు, చూస్తడు," అన్నది.

అంటే నేను మళ్ళీ తాడునే. ఈసారి గాజుపెట్టెలో.

ఇక్కడ నా ఇరుగుపొరుగు గొప్పవాళ్ళు. ఎదురుగా కృష్ణ ఒడ్డున దొరికిన రాతి తల. రెప్పలు సగం వాలి ఉంటాయి. అది లోచూపు అనీ ప్రపంచాన్ని వదిలి తనలోకి చూసుకోవడమనీ గైడు చెబుతాడు. బడిపిల్లలు మధ్యాహ్నం లెక్కల క్లాసు అంటారు. పిల్లల మాటే నాకు నచ్చుతుంది. పక్కన ఒక నవాబుగారి చిన్నపటం. పక్కకు తిరిగిన మొహం, ఒకే కన్ను, దానిమీద కొండంత రెప్ప. రెండో కన్ను ఏమైందని ఎవరూ అడగరు, నవాబులను ఎవరు అడుగుతారు. ఆ పైన నూనెరంగుల దొరసాని. ఎటు నడిచినా ఆమె కళ్ళు మన వెంట వస్తాయని చెబితే చాలు, పెద్దవాళ్ళు కూడా అటు నడిచి ఇటు నడిచి, మొగుళ్ళనూ పెళ్ళాలనూ నడిపించి చూస్తారు. ఇంట్లో ఎదురుగా ఉన్న మనిషి కళ్ళు ఎటు వెళ్ళాయో చూసుకోనివాళ్ళు గోడమీది దొరసాని తమనే చూస్తోందని పొంగిపోతారు. నా దగ్గర ఎవరూ ఆగరు. ఓదెలు పేరు రాశారు, నిజమే. చీమ తలకాయంత అక్షరాలతో.

సత్తెవ్వ ఒకసారి వచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఆమెకు చదువు రాదు. కాపలా మనిషిని చదివి వినిపించమంది. అతను చదివాడు. ఈ పేరుగలాయన ఎవరన్నా వచ్చిండా బిడ్డా అని అడిగింది. రాలేదవ్వా అన్నాడు. వస్తే, సత్తెవ్వ ఇంట్లనే ఉన్నదని చెప్పమంది. సరేనన్నాడు. కాపలా మనుషులు మారారు, ఆ మాట ఒకరి నుంచి ఒకరికి అందిందో లేదో నాకు తెలియదు.

ఓదెలు పంతొమ్మిది వందల డెబ్బై రెండులో, దసరాకు నెల ముందు ఒక బేస్తవారం నాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. సత్తెవ్వ మ్యూజియానికి వచ్చింది తొంభై ఆరు చలికాలంలో. ఆమె కూడా మళ్ళీ రాలేదు.