హాని లేని మార్పు

ఆ జన్యు పరీక్షల ల్యాబులో రెండేళ్లకొకసారి పాత రిపోర్టులు తిరగదీస్తారు. ఒకరు తేల్చినదాన్ని ఇంకొకరు మళ్లీ చూస్తారు. రిపోర్టు మీద మనిషి పేరుండదు, నంబరుంటుంది. ఆ గురువారం పొద్దున పక్క టేబులాయన చేతికి వచ్చిన నంబరు ఆమెకు కంఠతా వచ్చు. అది ఆమె అక్క కూతురిది.

పక్క టేబులాయన వచ్చే ఏడాది రిటైరవుతాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కు కంప్యూటరు తెరకు ఆనించి చదువుతాడు.

"ఏమ్మా, ఇది నువ్వు చూసిందేగా?" అన్నాడు.

"నేనే."

"ఈ గ్లిసరాల్ వాళ్లెందుకొచ్చారు ఇందులోకి? ఇంటిపేరు ఒకటేనని గ్రూపు ఫోటోకి పిలిచేశావా?"

ఆమె కుర్చీ జరుపుకుని వెళ్లి చూసింది. చూసిన తర్వాత నవ్వలేకపోయింది.

కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. నీళ్లు దాన్ని చకచకా దాటాలంటే గుమ్మాలు కావాలి. ఆ గుమ్మాలు ప్రొటీన్లు, ఒక్కోదాన్నీ ఒక అక్షరాల వరసలా రాసుకోవచ్చు. బాక్టీరియాలో, మొక్క వేరులో, కప్ప చర్మంలో, మనిషి మూత్రపిండంలో ఉన్నవన్నీ ఒకే కుటుంబం. కోట్ల ఏళ్లలో వాటిలో చాలా అక్షరాలు మారాయి. కొన్ని మారలేదు, ఎందుకంటే అవి మారినవాళ్లు బతికి బట్టకట్టలేదు. ఆమె పని ఆ అక్షరాలను జీవి కింద జీవిగా పేర్చి, రోగిలో మారిన అక్షరం ఎలాంటి చోట ఉందో చూడడం. అందరికీ ఒకేలా ఉన్న చోట మారితే 'హానికరం'. ఎవరిది వాళ్లకు వేరుగా ఉన్న చోట మారితే 'హాని లేనిది'. ఎటూ చెప్పలేకపోతే 'తేల్చలేం'.

ఆ కుటుంబంలో రెండు శాఖలున్నాయి. ఒకటి నీళ్లను మాత్రమే పోనిస్తుంది. రెండోది గ్లిసరాల్‌నూ పోనిస్తుంది. గ్లిసరాల్ అణువు నీటి అణువుకంటే లావు కాబట్టి, దారి ఇరుకైన చోట ఆ శాఖ వాళ్ల అక్షరం వేరు. పాపలో మారింది నీళ్ల శాఖ గుమ్మంలో సరిగ్గా ఆ ఇరుకు చోటి అక్షరం. రెండు శాఖలనూ కలిపి పేరిస్తే అక్కడ రకరకాల అక్షరాలు కనిపిస్తాయి. రెండోదాన్ని తీసేస్తే చేపకు, కప్పకు, ఆవుకు, మనిషికి ఒకటే.

పక్క టేబులాయన తీసేసి చూపించాడు. తెర మీద పైనుంచి కిందికి ఒకే అక్షరం, ఒకే రంగు గీతలా వచ్చింది. అంటే 'హానికరం'.

ఈ సంగతి ఆమెకు రెండేళ్ల కిందటా తెలుసు. కంప్యూటరు కుటుంబం మొత్తాన్నీ పోగేసి ఇస్తుంది, చేత్తో ఏరాలి. ఆ రోజు ఏరలేదు. పొద్దుటినుంచి అక్క మూడుసార్లు ఫోన్ చేసింది. పాపకున్న ఆ జన్యువు రెండు కాపీల్లో బావ వైపు నుంచి వచ్చింది చెడ్డదని అప్పటికే తేలింది. అక్క వైపుది మంచిదైతే చాలు, ఒక్క మంచి కాపీతో మూత్రపిండం పని నడిచిపోతుంది. 'తేల్చలేం' అని రాస్తే అక్క ఇంకో ఆరు నెలలు నిద్రపోదు. అక్షరాలు రకరకాలుగా కనిపించాయి. కనిపించింది చాలనుకుంది. 'హాని లేనిది' అని రాసి, అక్కకు తనే ఫోన్ చేసింది.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదక్కా. అన్ని నీళ్లు తాగడం అలవాటంతే. మెల్లగా మానిపించండి."

డాక్టరు రిపోర్టు చూసి అదే మాటన్నాడు. మానిపించడం మొదలైంది. పాపకు అప్పుడు ఏడేళ్లు, రోజుకు ఆరేడు లీటర్లు తాగేది. ఇంటిల్లిపాదీ 'చేప' అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది ఆమే.

"డాక్టరుకి పది రోజుల్లో ఉత్తరం వెళ్తుందిలే," అన్నాడు పక్క టేబులాయన. "'కొత్త సమాచారం ప్రకారం సవరించడమైనది' అని అచ్చు వాక్యం ఉంటుంది. ఎవరి పేరూ ఉండదు. ఇలాంటివి నేనూ రెండు చేశాను."

"ఎవరివో తెలుసా?"

"నంబర్లు గుర్తున్నాయి," అని ఆయన కళ్లజోడు కిందికి దించుకున్నాడు.

పది రోజులు ఆగడానికి లేదు. మర్నాడు పొద్దున పాప స్కూలు వాళ్లతో మూడు రోజుల ఆటల క్యాంపుకు వెళ్తోంది. రోజుకు రెండు సీసాలే ఇవ్వాలని అక్క టీచరుకు చీటీ రాసిచ్చింది. ఆ చీటీ ఎలా రాయాలో మొన్న ఆదివారం అక్కచెల్లెళ్లిద్దరూ కూర్చుని చూసుకున్నారు. ఆమె డాక్టరుకు ఫోన్ చేసి, మధ్యాహ్నం సెలవు రాసి, బస్సెక్కింది.

అక్క ముందు గదిలో బ్యాగు సర్దుతోంది. మంచం మీద రెండు సీసాలున్నాయి. ఒక్కోదాని మీద నల్ల పెన్నుతో నాలుగు గీతలు, గీత పక్కన టైము.

"ఏమే, ఈ వేళప్పుడు వచ్చావు? ఆఫీసు మూసేశారా?"

"అక్కా, దాన్ని రేపు పంపకు."

"ఎందుకని? డబ్బు కట్టేశాం, బూట్లు కొన్నాం."

"రిపోర్టు మారింది. కొత్త సమాచారం వచ్చింది. దానికి జబ్బుంది. ఒంట్లో నీళ్లు నిలవవు. డాక్టరుతో మాట్లాడాను. ఇవాళ్టినుంచి అడిగినన్ని ఇవ్వమన్నారు, సోమవారం తీసుకురమ్మన్నారు. మందుంది."

అక్క చేతిలోని తువ్వాలు మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది.

"అయితే దానికి నిజంగానే దాహమేసిందా?"

"అవును."

"సాయంత్రం ఆరు దాటితే వంటింటికి గడియ పెట్టానే. బాత్రూంలోకి వెళ్తే తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు ఏసీ కింద బకెట్లో నీళ్లు తాగుతుంటే కొట్టాను. రెండు దెబ్బలు కాదు, చాలా కొట్టాను." అక్క మంచం అంచున కూర్చుంది. "కన్నతల్లిని, నాకు తెలియొద్దూ? నా బుద్ధికేమైంది?"

అచ్చు వాక్యం అక్కడిదాకా బాగానే నడిచింది. ఇంకాస్త ఊరుకుంటే సరిపోయేది. అక్క ఏడుస్తుంది, తను ఓదారుస్తుంది, 'నీకేం తెలుసక్కా' అంటుంది. ఆమె నోరు ఆ మాట కోసం తెరుచుకుంది కూడా.

"కొత్త సమాచారం ఏమీ రాలేదక్కా," అంది. "ఆ రోజు కూడా అంతా అక్కడే ఉంది. ఏరి చూడాల్సింది నేను. చూడలేదు. నువ్వు ఎదురుచూస్తున్నావని తొందరపడి మంచిదని రాసేశాను."

అక్క ఒక సీసా చేతిలోకి తీసుకుంది.

"బకెట్ రోజు నీకు ఫోన్ చేశాను, గుర్తుందా?"

"ఉంది."

"ఏమన్నావు?"

"'గట్టిగా ఉండక్కా, లొంగిపోతే మళ్లీ మొదటికొస్తుంది' అన్నాను."

"అన్నావు," అంది అక్క. తడిగుడ్డ తెచ్చి సీసా మీది గీతలు తుడవబోయింది. అవి పోలేదు. గోటితో గీకింది.

మూడున్నరకు పాప స్కూలు నుంచి వచ్చింది. బూట్లు విప్పకుండా వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. "అమ్మా, నాలుగింటి గ్లాసు ఇప్పుడే తాగనా? నాలుగింటికి మళ్లీ అడగను."

"తాగు," అంది అక్క. "ఎన్నయినా తాగు."

పాప కదల్లేదు. ఇందులో తిరకాసేమిటో తెలియక ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత ఒక గ్లాసు తాగింది, రెండోది తాగింది. మూడోది పట్టుకుని ఎవరైనా ఆపుతారేమోనని చూసి, అది కూడా తాగింది.

"దానికి నువ్వే చెప్పు," అంది అక్క చెల్లెలి వైపు తిరక్కుండా. "నేను చెప్పను."

ఆమె వంటింట్లోకి వెళ్లి గట్టుకు ఆనుకుని నిలబడింది. 'చేపా' అని పిలవబోయి ఆగింది.

"నీకు దాహం వేస్తోందని చెప్పేదానివి కదా. అది అలవాటు కాదు, జబ్బు. రెండేళ్ల కిందట పిన్ని తప్పుగా చూసి, ఏమీ లేదని అందరికీ చెప్పింది. అందుకే వాళ్లు నీకు నీళ్లివ్వలేదు. తప్పు నాది."

పాప ఆలోచించింది. "అయితే నేను అబద్ధం చెప్పలేదా?"

"లేదు."

"అమ్మకు చెప్పావా?"

"చెప్పాను."

"నాన్నకు?"

"సాయంత్రం వచ్చాక చెప్తాను."

పాప గ్లాసు కుళాయి కింద పెట్టి తిప్పింది. అది నిండి పొర్లేదాకా కట్టలేదు.

"నేనుండగా చెప్పు," అంది. "నేను లేనప్పుడు చెప్పొద్దు."