రిజిస్టర్లో ఏడోవాడు

కృపాలయం సెమినరీ మొదటి బ్యాచిలో చేరింది ఏడుగురు. పట్టా పుచ్చుకున్నది ఆరుగురు. రిజిస్టర్లో ఏడోవాడి పేరుకు ఎదురుగా ఇంతే ఉంది: ‘జ్వరము. ఇంటికి పంపబడెను.’

దేవేంద్రప్పకు అది మింగుడుపడలేదు. 1956లో, పాదిరీలను తయారుచేసే ఆ కడప సెమినరీకి యాభై ఏళ్లు నిండుతున్నాయి. చరిత్ర రాసే పని అక్కడ పాఠాలు చెప్పే ఆయన మీదే పడింది. ఆ ఆరుగురిలో ఒకరు ఆయన తండ్రి పెద్ద ఈరన్న అయ్యగారు. ముప్పై ఏళ్లు అక్కడే బోధించి కన్నుమూశాడు. ఉత్సవం రోజు తెరిచే కొత్త భోజనశాలకు ఆయన పేరే పెడుతున్నారు.

ఏడోవాడు కంబన్న ఇంకా బతికే ఉన్నాడని తెలియగానే దేవేంద్రప్ప కమలాపురం బస్సెక్కాడు.

ముసలాయన వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. వచ్చిన పని విని పగలబడి నవ్వాడు.

“జెరమా? నాకా? డెబ్బై ఏండ్లొచ్చినాయి, తుమ్ము గూడా ఎరగనప్పా!”

“మరి ఎందుకు వచ్చేసినారు పెద్దాయనా?”

“కూటికాడ.” కంబన్న నవ్వు ఆగింది. “ఊరిబయట అంటరానోళ్ల పేట నుంచి వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. తరగతిలో అందరం ఒకే చాప. అన్నానికి వాళ్లు లోపల, నేను వరండాలో. మూడు దినాలు తిన్నా. నాలుగోదినం మూట గట్టుకున్నా.”

“సెమినరీ నడిపే దొరగారు ఊరుకున్నారా?”

“దొర తప్పనే అన్యాడు. వాడు లోపలికొస్తే నేను ఊరికి పోతానని ఒకాయన పట్టుబట్టినాడు.”

“ఎవరాయన?”

ముసలాయన గుప్పెడు పప్పులు దేవేంద్రప్ప చేతిలో పోశాడు. “తిను. నీ మొగం అచ్చం మీ నాయన మొగమే.”

దేవేంద్రప్ప తినలేకపోయాడు. పారేయనూ లేకపోయాడు.

“ఆయన పేరు రాయొద్దులే, పోయినాయన. జెరం మాత్రం కొట్టేయ్, సాలు. జెరమని సాకు పెట్టి, చదువు చేతగాక పారిపోయినానని మా మనవళ్లు ఎక్కిరిస్తాండారు.”

జ్వరం కొట్టేస్తే ఆ చోట కారణం రాయాలి. కారణం రాస్తే ఎవరని అడుగుతారు. పేరు దాస్తే తక్కిన ఐదుగురి మీదా మచ్చ పడుతుంది. బస్సు కడప చేరేలోగా ఆయన ఎన్ని దారులు వెతికినా అన్నీ మూసుకుపోయాయి, ఒక్కటి తప్ప.

దేవేంద్రప్ప రాసిచ్చిన ఆ పేజీని ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివాడు.

“ఏమప్పా, కన్నతండ్రి మీద ఇంత రాస్తావా? పండగ పుస్తకమిది!”

“ఆయన మంచి గూడా నాలుగు పేజీలు రాసినాను సార్. ఇది తీసేస్తే అవీ తీసేయండి.”

“మరి భోజనశాల?”

“దానికి మాత్రం ఆ పేరు వద్దు సార్.”

ప్రిన్సిపాల్ కాగితాలు ప్రెస్సుకు పంపే కవరులో పెట్టాడు.

“మీ అమ్మకు ఎవురు చెప్తారు?”

ఉత్సవంలో కట్టుకోవాలని తల్లి హంపమ్మ అప్పుడే కొత్త చీర తెప్పించుకుంది. భర్త పేరు చెక్కిన రాయిని ఊరంతా చూస్తుందని వీధిలో అందరికీ చెప్పుకుంటోంది.

“నేనే,” అన్నాడు దేవేంద్రప్ప. గొడుగు కూడా తీసుకోకుండా మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంటి దారి పట్టాడు.