ఆషాఢంలో దిగని ఆట

ఓయ్ అబ్బాయ్! నిన్నే! టీవీ ముందు గొంతుక్కూర్చుని, కదలని గీతకేసి గుడ్లప్పగించి చూస్తున్నావే, నిన్నే పిలుస్తున్నాను. డౌన్‌లోడ్ ఆగిందని నా నెత్తిన మొట్టికాయ వేశావు. నేనేమన్నా మీ తాతగారి రేడియోనా, మొట్టికాయకి పలకడానికి? అది చాలదని వంగి నా వెనక చిల్లుల్లోకి ఉఫ్ ఉఫ్ మని ఊదావు. పొద్దున నువ్వు తిన్న పెసరట్టులో ఉల్లిపాయ వాసన తప్ప నాకు ఒరిగిందేమీ లేదు. ఆ రిమోట్ పక్కన పెట్టి, టీవీ కాస్త కట్టెయ్. చూస్తూ కూర్చుంటే గీత పరిగెత్తదు. ఈలోగా నా కథ విను.

నేను ఒక ఆటల పెట్టెని. నువ్వు నన్ను మొన్ననే తెచ్చుకున్నావు కాబట్టి నేను నీతోనే పుట్టాననుకుంటున్నావు. నీకంటే ముందు నన్ను మోసినవాళ్ళున్నారు, తుడిచినవాళ్ళున్నారు, దుప్పటి కప్పి దాచినవాళ్ళూ ఉన్నారు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఒకావిడ నా కడుపులో మరలు బిగించి, ముద్దు చెయ్యకుండానే పక్కకి తోసేసింది. ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాదులో ఒక కొట్టు అద్దాల వెనక కూర్చున్నాను. వచ్చినవాళ్ళంతా నన్ను చూసి మురిసిపోయేవాళ్ళు. వెల చూసి, పక్కనున్న ఇయర్‌ఫోన్లు కొనుక్కుని పోయేవాళ్ళు.

చివరికి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు కొన్నాడు. జనాల కంప్యూటర్లు ఎందుకు నెమ్మదిగా ఉన్నాయో కనిపెట్టడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చి, నేనెందుకు నెమ్మదిగా ఉన్నానో తెలియక తిట్టడం అతని కాలక్షేపం. ఏడాదికో కొత్త క్రికెట్ ఆట ఎక్కించేవాడు, పాతది తీసేవాడు కాదు. నా కడుపు పండగ మర్నాటి ఫ్రిజ్ లాగా అయ్యింది. అతనికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురికి ఆటలంటే గిట్టదేమోనని, ఆ పిల్లని ఒక్క మాటైనా అడక్కుండా నన్ను అమ్మేశాడు.

అలా రాజమండ్రి చేరాను. కాలేజీలో లెక్కలు చెప్పే ఫణీంద్ర నన్ను కొన్నాడు. అతనికీ సంబంధాలు చూస్తున్నారు. పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారనగానే వాళ్ళమ్మ నా మీద దుప్పటి కప్పేసి పైన పూలకుండీ పెట్టింది. వాళ్ళతో పిల్ల కూడా వచ్చింది. పేరు హిమజ, ఊరు పాలకొల్లు. పెద్దవాళ్ళు కాఫీలు తాగుతుంటే ఆ పిల్ల దుప్పటికేసి చూసి మెల్లిగా అడిగింది.

"ఆ కింద వెలుగుతున్నదేంటండీ?"

"స్టెబిలైజరండి."

"స్టెబిలైజరుకి దుప్పటెందుకండీ, చలేస్తోందా?" అని, గొంతు ఇంకా తగ్గించి, "ఏ గేములున్నాయి?" అంది.

జాతకాలు తర్వాత ఎవరో చూశారట. సంబంధం మాత్రం అక్కడే కుదిరిపోయింది.

పెళ్ళయింది. ఇద్దరూ నా ముందు కూర్చుని ఒకళ్ళ బండి ఒకళ్ళు గుద్దుకుంటూ సుఖంగా కాపరం చేసుకుంటున్నారు. ఇంతలో ఆషాఢం వచ్చి పడింది. మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే ఇంట్లో ఉండకూడదు, అల్లుడు అత్తారి గుమ్మం దాటకూడదు. పిల్లని పుట్టింటికి పంపాలి. చీరలూ సారే సర్దుతూ ఫణీంద్ర నన్ను కూడా ఆమె సూట్‌కేసులో పెట్టాడు. అతనికి కంప్యూటరుంది. ఇద్దరు కలిసి తెడ్లేసి పడవ నడిపే కొత్త ఆట ఒకటి వచ్చింది. రాజమండ్రిలో అతనూ పాలకొల్లులో ఆమే దాన్ని దించుకుంటే, చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే పడవలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఫోన్లుండగా పడవెందుకంటావా? పాలకొల్లులో ఆ ఇంట్లో ఫోన్ మాట్లాడటమంటే ఏంటో నీకు తెలీదు.

హిమజ ఫోన్ చెవిన పెట్టుకోగానే మామ్మ, అంటే వాళ్ళ నాన్నని కన్నతల్లి మహలక్ష్మమ్మ, చెయ్యి చాచేది. "అల్లుడుగారేనా? ఇలా ఇయ్యవే. బాబూ, ఏం కూరొండుకున్నారు?" అటు నుంచి వంకాయంటే ఏ వంకాయ, పొడుగుదా గుండ్రందా, అల్లం పెట్టారా లేదా అన్నీ తేలాలి. ఆ తర్వాత ఫోన్ సత్తిరాజు బాబాయి చేతిలోకి పోయేది.

సత్తిరాజు హిమజకి సొంత బాబాయి. షామియానాలూ కుర్చీలూ అద్దెకిస్తాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ పందిరి వేసేదీ ఆయనే, పెళ్ళికొడుకు చెప్పులు దాచేదీ ఆయనే. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. పందిళ్ళన్నీ మూటకట్టి అటకెక్కించి, చేతులు దురద పెడుతుంటే ఇంట్లో తిరుగుతున్నాడు.

"అల్లుడుగారూ, నమస్కారమండి! గోదారి గాలి ఎలా ఉందండీ, ఒక్కరికీ చలేత్తోందాండీ?" అనేవాడు, స్పీకర్ నొక్కి, వీధి అరుగు దాకా వినపడేలా. "మా పిల్ల ఇక్కడ శుబ్బరంగా ఉందండి, పూటకి మూడు గారెలు లాగిత్తోందండి. మీ పేరెత్తితే ఒట్టండి, ఆయ్!"

"బాబాయ్!" అని హిమజ ఫోన్ లాక్కునేసరికి అటు వైపు బిడియానికి కట్టయిపోయేది.

అందుకని ఆ పడవ కావాలి. నెల మొత్తం మీద వాళ్ళిద్దరికీ దొరికే చోటు అదొక్కటే.

మేడ మీద గదిలో నన్ను టీవీకి తగిలించి హిమజ డౌన్‌లోడ్ నొక్కింది. గీత నత్తలా బయల్దేరి, ఆగింది. ఫణీంద్ర ఫోన్లో ఒక్కొక్కటీ చెప్పించాడు.

"వేరే గేమేదన్నా ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే ఆపెయ్."

"ఆపానండీ."

"లోపల చోటుందా?"

అప్పుడు బయటపడ్డాయి సాఫ్ట్‌వేర్ కుర్రాడి క్రికెట్లన్నీ. హిమజ వాటిని పీకేసింది. ఎంత తేలికపడ్డానో! అప్పటికీ గీత పాకుతూనే ఉంది. నెట్ పెట్టె కింద వీధిగదిలో, నేను మేడ మీద. మధ్యలో వాళ్ళ తాతగారు గట్టిగా కట్టించిన గోడలు. వైరు లాగితే పని జరుగుతుందన్నాడు ఫణీంద్ర.

"ఓస్, వైరేగా!" అని బాబాయి గోదాంకి వెళ్ళి పొడుగాటి నెట్ వైరు చుట్ట తెచ్చాడు. పందిరి తాడుతో కిటికీకి ఎంత గట్టిగా కట్టాడంటే, తుఫానొస్తే ఇల్లు పోవాలి గానీ వైరు పోదు. ఆ వైరు తగలగానే నాకు ప్రాణం లేచొచ్చింది. గీత పరుగందుకుంది.

ఆ రోజు హిమజ చేతులకి గోరింటాకు. వేళ్ళ చివర్ల టోపీలతో మీటలు నొక్కలేక మోచేత్తో నొక్కుతోంది. నా కంట్రోలర్ మీద ఆ ఎర్ర మచ్చ ఇప్పటికీ ఉంది, కావాలంటే తిప్పి చూడు. "తొంభై దాటిందండీ!" అని ఫోన్లో ఆనందంగా కేకేసింది. ఆ కేక కిందకి వినపడింది. బాబాయి చేతికి పని దొరికింది. ఒక చేత్తో మిక్చరు నోట్లో వేసుకుంటూ, రెండో చేత్తో నెట్ పెట్టె స్విచ్ టక్కున ఆపేశాడు.

పైన గీత ఆగింది.

"ఏవైందే అమ్మా? అయ్యో, మళ్ళీ పోయిందా? మన ఊరి లైన్లింతేనే!" అని కింద నుంచే బెంగపడిపోయాడు.

ఆయన లెక్క ఏమిటంటే, డౌన్‌లోడ్ అంటే బిందెతో నీళ్ళు మొయ్యడంలాంటిది. మధ్యలో ఒలికిపోతే మళ్ళీ మొదట్నించీ మొయ్యాలి. ఇక చూసుకో! పైన కేక వినపడటం, కింద స్విచ్ ఆగడం. కాసేపు పోయాక మళ్ళీ వేసి, "వచ్చిందేమో చూడవే" అని ఓదార్చడం. ఒకసారి నా మీద నిమ్మకాయ కూడా తిప్పించాడు, దిష్టి తగిలిందని. మామ్మ నిజమేననుకుని నాకు బొట్టు పెట్టింది.

ఒక మధ్యాహ్నం గీత ఆగగానే హిమజ మెట్లు దిగి కిందకి వెళ్ళింది. వెళ్ళినప్పుడు ఏడుపు మొహం. తిరిగి వచ్చినప్పుడు అదే మొహం, కానీ పెదవి బిగపట్టి ఉంది. ఫోన్లో ఏదో గొణిగింది. మర్నాటి నుంచి ఇంట్లో కొత్త నియమం వచ్చింది.

"మామ్మా, తలుపు తెరిచుంటే సిగ్నల్ బయటికి పోతోందట. ఆయన చెప్పారు. నేను పైన బాగుచేసుకుంటున్నంతసేపూ ఎవర్నీ రానివ్వకు."

"అలాగా! నేను చూసుకుంటాన్లే, నువ్వెళ్ళు" అని మామ్మ మెట్ల మీద పీటేసుకుని కూర్చుంది. విసనకర్ర, తమలపాకుల పళ్ళెం పక్కన. పచ్చడి గిన్నె పట్టుకుని పక్కింటావిడ పైకి వెళ్ళబోతే విసనకర్ర అడ్డం పెట్టింది. "ఆగవమ్మా! తలుపు తీత్తే సిగ్నలంతా కారిపోద్ది."

మొదట్లో ఇంట్లోవాళ్ళు మామ్మ కన్నుగప్పి తలుపు దగ్గర చెవులు పెట్టకపోలేదు. వినపడేదేమిటి? "రౌటర్ ఆపి వేశావా?" "వేశానండీ." "సెట్టింగుల్లోకి వెళ్ళి నెట్‌వర్క్ టెస్ట్ నొక్కు." "నొక్కానండీ." ఆ భాగోతం ఎవరు వింటారు? ఆవలించుకుంటూ చెదిరిపోయారు. అడుగుల చప్పుడు దూరమయ్యాక గదిలో ఏమయ్యేదో తర్వాత చెప్తాను. అడిగినా ఇప్పుడు చెప్పను.

భోజనాల దగ్గర హిమజ మొహం వేలాడేసుకునేది. "ఇవాళా దిగలేదు మామ్మా."

"దిగుద్దిలేవే" అని బాబాయి ముద్దపప్పులోకి నెయ్యి వేసేవాడు. నవ్వుకి పొట్ట అదురుతుంటే పళ్ళెంలోకి తల దించుకునేవాడు. తన ఎటకారం ఆషాఢం కంటే పొడుగ్గా సాగుతోందని మురిసిపోయాడు.

శ్రావణం వచ్చింది. ఫణీంద్ర భార్యని తీసుకెళ్ళడానికి వచ్చాడు. గుమ్మంలో దిష్టి తీశారు, పెద్ద అరిటాకు వేశారు. బాబాయి ఇక ఆపుకోలేకపోయాడు. మజ్జిగన్నం దాకా కూడా ఆగలేదు.

"అల్లుడుగారూ, తవరు ఏవీ అనుకోకూడదండి. నెల్రోజులు మీ ఆట దిగనివ్వకుండా చేసింది మన లైనూ కాదండి, మీ పెట్టే కాదండి. ఇదిగో, ఈ చెయ్యండి!" అని కుడిచెయ్యి పైకెత్తి, మోకాలి మీద కొట్టుకుని నవ్వాడు.

ఫణీంద్ర ఆకు మీంచి తలెత్తి అంతే వినయంగా అన్నాడు. "తెలుసండి, చిన్నమావయ్యగారూ. మీ మేలు మర్చిపోమండి."

"మేలేంటండీ?"

"ఆపి వేస్తే ఆగిన చోటి నుంచే మొదలవుద్దండి అది. మీరు స్విచ్ ఆపుతుంటే హిమజ మెట్ల మీంచి చూసింది కదండీ, ఆ సాయంత్రానికే దిగిపోయింది."

బాబాయి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"దిగిందంటే అందరూ చూడ్డానికొస్తారు బాబాయ్" అంది హిమజ, పప్పు వడ్డిస్తూ. "మామ్మ వంకాయ సంగతి అడుగుద్ది, నువ్వు హెడ్‌ఫోన్ లాక్కుంటావ్. దిగలేదంటే ఒక్కళ్ళూ రారు. మా ఆట అయ్యాక 'తొంభై దాటింది' అని నేను కేకేస్తే, నువ్వు రోజూ స్విచ్ ఆపబట్టే అందరూ నమ్మారు. పాపం మామ్మ కూడా సిగ్నల్ కారిపోద్దని కాపలా కాసింది."

ఇప్పుడు గది సంగతి చెప్తాను. తలుపు మూసుకోగానే హిమజ నోట్లో 'అండీ' పోయేది. ఫోన్ పక్కన పడేసి హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. ఇద్దరూ పడవెక్కేవాళ్ళు, ఏటి మధ్యకి తెచ్చేవాళ్ళు, తెడ్లు వదిలేసేవాళ్ళు. ఇక కబుర్లు. నేను బొమ్మ బొమ్మకీ ఎండా మబ్బూ గీసి, చేపలు ఎగరేసి, ఒడ్డున దీపాలు పెట్టి ఎంత శ్రమపడ్డానని! ఒక్కసారైనా ఆ ఒడ్డుకేసి చూస్తేగా! నా ఆట మీద మోజుతోనే నన్ను ఊళ్ళు మోసుకు తిరుగుతున్నారని గర్వపడ్డవాణ్ణి, ఆ పడవలో నాకే చోటు లేదు.

అయినా కథ అక్కడ అయిపోలేదు. "పాపం మామ్మ" అన్న మాట వినగానే గుమ్మంలో తమలపాకు ఈనె తీస్తున్న మహలక్ష్మమ్మ తలెత్తింది.

"ఒసే పిల్లా, తలుపు సందులోంచి సిగ్నల్ కారడవేంటే? నేనేవన్నా నిన్న పుట్టానా?"

హిమజ చేతిలో గరిటె ఆగింది.

"నా ఆషాఢంలో మీ తాతయ్య మా నాన్న కొబ్బరితోటకి కాయ బేరానికొచ్చేవారు. గుమ్మం దాటకూడదన్నారు గానీ, తోటలో అడుగెట్టకూడదని ఎవరన్నారు? నేను మజ్జిగట్టుకెళ్ళేదాన్ని. రోజూ రావడవే, రోజూ బేరవే. నెలంతా తెగలేదు. తెగితే మర్నాడు ఏ వంకన వత్తారు? మా నాన్న తోట వాకిట్లో మంచవేసుక్కూచుని, వచ్చినోళ్ళందర్నీ 'బేరం జరుగుతోంది, అటెళ్ళకండి' అని తిప్పి పంపేవాడు. ఆయనకేం తెలీదని మేవిద్దరం ఎంత నవ్వుకున్నావో!"

హిమజ చెంపలు గోరింటాకంత ఎర్రగా పండాయి. ఫణీంద్ర పప్పులో నెయ్యి కలుపుతూనే ఉన్నాడు. బాబాయి మెల్లిగా చెయ్యి దించి, "అమ్మా, నాకు కూడా చెప్పొచ్చుగదే" అన్నాడు.

"నీకు చెప్తే స్విచ్చెవడు ఆపుతాడ్రా?" అంది మామ్మ.

అదీ కథ. తర్వాత వాళ్ళు కొత్త పెట్టె కొనుక్కుని నన్ను నీకిచ్చారు. ఆ పడవ ఇంకా నా కడుపులో ఏటి మధ్యే ఉంది. చోటు చాలకపోతే ఇంకేదైనా పీకెయ్, దాన్ని మాత్రం ముట్టుకోకు.

అవునూ, ఇంతసేపూ నోరు తెరుచుకుని విన్నావు, మధ్యలో ఒక్కసారైనా టీవీ పెట్టి చూశావా? బాబాయి వెలవెలబోయిన మొహం తలుచుకుని నవ్వావు కదూ? ఇప్పుడు పెట్టు. నీ ఆట, నా కథలో నేనింకా సూట్‌కేసులోకి ఎక్కక ముందే దిగిపోయింది, వెర్రినాయనా!