సున్నపు తొట్టి దగ్గర

కూతురి చదువు చూద్దామని విమానమెక్కి వచ్చిన కనకరాజుకు, ఆ చదువు సున్నపు తొట్టిలో నానుతున్న ఆవుతోలని ఆ ఉదయమే తెలిసింది. మనిషికంటే ముందు వాసన ఎదురొచ్చింది.

ఒంగోలు పక్క పల్లెలో చిన్నప్పుడు ఆయన చేసింది ఆ పనే. తండ్రితో పాటు గొయ్యిలో దిగి, సున్నానికి వేళ్లు పగిలి, బళ్లో అందరికీ దూరంగా కూర్చుని, చచ్చీచెడీ పదో తరగతి గట్టెక్కి ఆర్టీసీ డిపోలో గుమాస్తా అయ్యాడు. ఆ వాసన రాని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లో పుట్టిన సృజన, నాయనమ్మ చెప్పిన కబుర్లు పట్టుకుని, పూర్వం తోళ్లు ఎలా పదును చేసేవారో చేసి చూపిస్తానని మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరింది. ఫోనులో మాత్రం "హిస్టరీ లాంటిది నాన్నా" అనేది. పుస్తకాలు చదివితే చాలదట, చేతుల్తో చేస్తేనే పాతకాలం అర్థమవుతుందట. చేసి చేసి చచ్చినవాళ్లకు ఏం అర్థమైందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పైగా అది జనానికి చూపించే రోజు. ఊరి చివర టార్నీట్‌లో సృజన ఉంటున్న ఇంటి పక్కింటి భానుప్రసాద్ కూడా వచ్చాడు. "మీ సర్‌నేమ్ ఏంటంకుల్? ఒంగోల్లో మీ రిలేటివ్స్ ఏ సైడు?" అని ఈయన విమానం దిగిన రోజు నుంచీ కూపీ లాగుతున్న మనిషి. కనకరాజు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాడు.

చేతులకు రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, ఎముక కత్తితో సృజన రోమాలు గీకుతోంది. కత్తి నిటారుగా పట్టింది. తోలు చిరిగింది. కనకరాజు వేళ్లు వాటంతటవే కదిలాయి. చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు.

సృజనకు గైడుగా ఉన్న ప్రొఫెసరమ్మ ఇంగ్లీషులో ఏదో అడిగింది. సృజన ముఖం వెలిగిపోయింది.

"నాన్నా, మీ ఫ్యామిలీలో ఈ వర్క్ చేసేవాళ్లా అంటుంది. ఒక్కసారి చూపియ్యి నాన్నా, నా థీసిస్‌కి చాలా ఇంపార్టెంట్."

భానుప్రసాద్ చెవులు రిక్కించాడు.

"నాకు రాదమ్మా."

"అదేంది? మరి తాతయ్య..."

"మీ తాతకీ రాదు. మనింట్లో ఎవరూ ఈ పని చెయ్యలా. ఆమెకట్టాగే చెప్పు."

సృజన దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "నేనేం సిగ్గుపడట్లా నాన్నా."

"నువ్వెందుకు పడతావ్? నీ చేతులకి గ్లవ్సున్నయ్."

సృజన ప్రొఫెసరమ్మ వైపు తిరిగి, తండ్రి చెప్పమన్నది చెప్పమన్నట్టే ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. అబద్ధం తనదే అయినా, కూతురి నోట వినేసరికి కనకరాజు గుండె కలుక్కుమంది. ఆ గొయ్యిలో నుంచున్న తండ్రి కష్టంతోనే తను పలక పట్టాడు. ఇప్పుడా మనిషిని పరాయి దేశంలో నలుగురి ముందూ లేకుండా చేశాడు.

భానుప్రసాద్ ముఖం విప్పారింది. వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నేను అనుకుంటానే ఉన్నా అంకుల్, మీరు ఆ టైప్ కాదని. రేపు సండే, లంచ్‌కి మా ఇంటికి రావాల్సిందే. మా అమ్మ తన చేత్తో వడ్డిస్తుంది."

"అట్టాగే బాబూ, వస్తాం," అన్నాడు కనకరాజు. నవ్వాడు కూడా.

"నాన్న ఒక్కడే వస్తాడు అన్నా," అంది సృజన, తండ్రి వంక చూడకుండా.