నాలుగు వేలు దాటాక

"వంటయ్యాక ఒకసారి ఆ ఇంజిన్ సంగతి చూడు," అన్నాడు భర్త గుమ్మంలో బూట్లు విప్పుతూ. ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఆమె పొయ్యి తగ్గించి కిటికీలోంచి చూసింది. వాకిట్లో ట్రెయిలర్ మీద ఎర్ర కారు, ఒళ్ళంతా రేసు ట్రాక్ దుమ్ముతో ఉంది. అత్తగారికి జ్వరమని ఈసారి ఆమె వెంట వెళ్ళలేదు.

"ఏమైందండీ?"

"ఏమో. పెద్ద మలుపులో టకటకమంది, చచ్చింది. పోయినసారి నువ్వే ఎక్కడో సరిగ్గా బిగించి ఉండవు. మూడు వారాల్లో మళ్ళీ ట్రాక్‌కి వెళ్ళాలి. ఈలోగా దాన్ని లేపి నిలబెట్టు."

"ముందు వాడికింత తిండి పెట్టవే, ఇంజిన్ ఎక్కడికి పోతుంది!" అని లోపలి గదిలోంచి అత్తగారు.

నిజమే, అది ఎక్కడికీ పోదు. పదకొండేళ్ళుగా ఆమె కూడా ఎక్కడికీ పోలేదు.

ఆమె లారీ మెకానిక్ కూతురు. తండ్రి షెడ్డులో స్పానర్లే బొమ్మలుగా పెరిగింది. ఈ పెద్దమనిషి అప్పట్లో కారు వేసుకుని వారానికి రెండుసార్లు ఆ షెడ్డుకి వచ్చేవాడు. కారు బాగుచేయించుకోవడానికి వచ్చేవాడో, తనని చూడ్డానికి వచ్చేవాడో ఆమెకి అప్పుడే తెలుసు. "పెళ్ళయ్యాక ట్రాక్ మీద నువ్వే నడుపుదువుగాని," అన్నాడొకసారి, బానెట్ మీద మోచేతులు ఆన్చి. ఆ మాటకి పడిపోయింది పిచ్చిది. మనిషికి కాదు, ఆ మాటకి. పెళ్ళైన మొదటేడు "టైర్లు కొత్తవి, పట్టు రాలేదు" అన్నాడు. మరుసటేడు "టైర్లు పాతవి, జారతాయి" అన్నాడు. ఆ పై ఏడు "చూద్దాంలే" అన్నాడు. తర్వాత ఆమె అడగడం మానేసింది గానీ కోరుకోవడం మానలేదు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌ని మొదట్లో మెల్లగా నడిపి మచ్చిక చెయ్యాలి. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు నాలుగు వేలు దాటకూడదు. ఆ విసుగు పని ఎప్పుడూ ఆమెదే. ట్రాక్ కారు సీటు మామూలు సీటులా ముందుకీ వెనక్కీ జరగదు. నేలకి బోల్టులతో బిగించి ఉంటుంది, అదీ భర్త కాళ్ళ పొడుగుకి. పెడళ్ళు అందక ఆమె వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకుని ఊరి బయట ఖాళీ రోడ్డు మీద గంటలకి గంటలు నడిపేది. "నా దిండు పెట్రోలు కంపు కొడుతోందే తల్లీ!" అని అత్తగారి గొడవ. ఇంజిన్ ఇక ఏడు వేల దాకా పరిగెత్తగలదనగానే దిళ్ళు తీసేసి తాళం భర్త చేతికిచ్చేది. ట్రాక్‌కి వెళ్ళేటప్పుడు ట్రెయిలర్‌ని లాగే జీపు నాలుగు గంటలు ఆమే నడిపేది. పక్క సీట్లో భర్త, "నేను కాసేపు పడుకుంటాను. ట్రాక్ మీద ఓపికుండాలి కదా," అని గురక పెట్టేవాడు. అక్కడ ఆమె కంచె పట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. పెద్ద మలుపులో ఆయన ఎక్కడ తొందరపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నాడో చెవికి తెలిసిపోయేది. నేనైతే ఇంకొక్క క్షణం ఉంచేదాన్ని, అనుకునేది. కప్పు వచ్చినప్పుడు ఫోటో తీసేది కూడా ఆమే, అందరూ పట్టాలని నాలుగడుగులు వెనక్కి నడిచి. తను కట్టిన ఇంజిన్ నాలుగు వేలు దాటాక లోపల కూర్చున్నవాళ్ళకి ఎలా వినిపిస్తుందో మాత్రం ఆమెకి తెలియదు.

ఇంకో సంగతి ఎవరికీ తెలియదు. సీటు బిగించే ఇనప పలకకి పెళ్ళైన కొత్తలో రంధ్రాలు తొలిచింది ఆమే. భర్త కాళ్ళకి నాలుగు. వాటికి బెత్తెడు ముందు, తన కాళ్ళకి ఇంకో నాలుగు. ఇవెందుకని ఆయన అడగలేదు. చూస్తే కదా అడగడానికి! ఇంజిన్ విప్పిన ప్రతిసారీ ఆమె సీటు తీసి, ఆ నాలుగింట్లో దుమ్ము గీకి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి, మళ్ళీ ఆయన రంధ్రాల్లోనే సీటు బిగించేది.

అంట్లు తోమాక, ఇంటి పక్క షెడ్డులోకి చేర్చిన కారు దగ్గరికి వెళ్ళింది. పాత బేసిన్‌లోకి ఆయిల్ దించి ఎండలో పెడితే నిండా లోహపు పొడి మెరుపులు. ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, అయస్కాంతం తిప్పింది. ఒక్క రవ్వా అంటుకోలేదు. అంటే ఇనుము కాదు, బేరింగు పూత. ఇంజిన్ అడుగు తొట్టి ఊడదీసి ఒక్కో పిస్టన్ రాడ్డునీ కదిపి చూసింది. మూడోది లొడలొడలాడింది. దాని బేరింగు కాలి నల్లబడి, కాగితంలా పల్చబడి ఊడొచ్చింది. బోల్టులు మాత్రం ఆమె బిగించినచోటే ఉన్నాయి, ఆమె పెట్టిన పెయింటు గుర్తు చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకుంది. వెంటనే తన మీద తనకే కోపమొచ్చింది. తప్పు నాది కాదని నాకు నేనే సాక్ష్యం చూపించుకోవాలా?

ఆయిల్ అందక పోయింది బేరింగు. పొడుగాటి మలుపులో ఆయిలంతా తొట్టిలో ఒక పక్కకి ఒరిగిపోతే పంపు గాలి పీలుస్తుంది. అందుకే లోపల అడ్డు రేకులు వెయ్యాలని ఆమె పోయినేడే చెప్పింది. "మీ నాన్న లారీల తెలివి ఇక్కడ పనికిరాదు," అన్నాడు. సరే, రేకులు లేకపోయినా, ఆయిల్ అందడం లేదని చెప్పే ఎర్రలైటు వెలగాలే! వెలిగితే కాలు తీసెయ్యాలే! ఆమె తాళం తిప్పింది. లైటు కనపడలేదు. బల్బు పోయిందేమోనని తడిమితే వేలికి జిగురు తగిలింది. లైటు మీద నల్ల టేపు ముక్క, చక్కగా కత్తిరించి అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారండీ?"

"నేనే. మలుపు తిరిగినప్పుడల్లా మిణుకుమిణుకుమని ప్రాణం తీస్తోంది. ధ్యాస చెదిరిపోతోంది."

"ఇంజిన్ ప్రాణం పోతోందని చెప్తోందది."

"అబ్బ, అదీ నీలాగే. ఒకటే నస!" అని నవ్వాడు. సరదాగానే అన్నాననుకున్నాడు.

ఆమె టేపు పీకి పారేసి, మర్నాడు పిస్టన్ రాడ్లు తిప్పే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్‌ని విప్పి లేత్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. బేరింగు గీరుకున్నచోట దాన్ని అరగదీసి నునుపు చెయ్యాలి. ముసలాయన తండ్రికి స్నేహితుడు. కళ్ళజోడు పైకి తోసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు విప్పారమ్మాయ్? ఎక్కడా ఒక్క దెబ్బ తగల్లేదు."

"నేనే బాబాయ్."

"మరి నడిపేది?"

"మా ఆయన."

"అదేంటే! వండినదానివి, ఒక్కసారీ రుచి చూడలేదూ?"

"నాకెక్కడ తీరుతుందిలే," అంది. ఆ మాట తన నోట్లోంచి అత్తగారి గొంతుతో వచ్చినట్టనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఏడ్చింది. ఎందుకో తెలియక కాదు. కావాలి. ఆ మలుపు కావాలి, ఆ ఏడు వేలు కావాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఆడది బొమ్మ కోసం ఏడ్చిందని నలుగురూ నవ్వినా సరే, కావాలి.

రోజూ మధ్యాహ్నాలు పని సాగింది. తొట్టిలో అడ్డు రేకులు వెల్డింగ్ చేసింది, ఎవర్నీ అడగలేదు. కొత్త బేరింగులో మైనపు పోగు పెట్టి బిగించి, విప్పి, అదెంత నలిగిందో కొలిచింది. సందు సరిపోయింది. "బోల్టు బిగించేటప్పుడు నోరు మూసుకోవాలమ్మా," అనేవాడు తండ్రి. అత్తగారు మూడుసార్లు పిలిచినా, బిగువు సరిపోయిందని టార్క్ రెంచ్ టక్కుమనేదాకా పలకలేదు.

"ఆడపిల్ల చేతులా అవి, పాత ఇనప కొట్టా!"

"రెండూ అత్తయ్యా," అంది.

ఇంజిన్ మొదటిసారి తిరిగినప్పుడు ఎర్రలైటు ఒక్క క్షణం వెలిగి, ఆయిల్ అందగానే ఆరిపోయింది. మళ్ళీ దిళ్ళు, మళ్ళీ ఖాళీ రోడ్డు. ముల్లు నాలుగు వేల దగ్గరికి వచ్చినప్పుడల్లా కాలు దానంతటదే వెనక్కి తగ్గేది. మచ్చిక పూర్తయిన రోజున ఆమె రోడ్డు చివర బండి ఆపి, దిళ్ళు రెండూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇంటికొచ్చి వాటి గలీబులు ఉతికి ఆరేసింది. దిళ్ళు తెచ్చి అత్తగారి మంచం మీద పెట్టి, "ఇక వీటితో పనిలేదు అత్తయ్యా," అని చెప్పి, స్పానర్ తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది.

ట్రాక్‌కి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే భర్త రేసు సూటు వేసుకుని, ఈల వేస్తూ, కారుని ట్రెయిలర్ ఎక్కించడానికి లోపలికి దూరబోయాడు. సగం దూరి ఇరుక్కుపోయాడు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి.

"ఇదేంటే! సీటు ముందుకొచ్చేసింది! మళ్ళీ తప్పు బిగించావు!"

"సరిగ్గానే బిగించాను. ఆ రంధ్రాలు పదకొండేళ్ళ నుంచీ ఉన్నాయి."

"నా కాళ్ళు పట్టడం లేదు!"

"నాకు పడతాయి."

ఆయన నోరు తెరిచాడు. టైర్లు కొత్తవనాలో పాతవనాలో తేల్చుకోలేకపోయినట్టున్నాడు. ఆయన దిగేదాకా ఆగి, ఆమె కారెక్కింది. వీపు సీటుకి ఆనింది, కాళ్ళు పెడళ్ళకి అందాయి. ఒక్క ఊపులో కారుని ట్రెయిలర్ మీదికి ఎక్కించి, దిగి, జీపు తాళం ఆయన చేతిలో పెట్టింది. పక్క సీట్లో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

"మీరు నడపండి," అంది. "నేను కాసేపు పడుకుంటాను. ట్రాక్ మీద ఓపికుండాలి కదా."