కంట్లో నూనె

కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసేవాళ్లు ఏ వీధిలోనైనా ఉంటారు. కంట్లో నూనె పోయించుకున్నవాడు మాత్రం ఆ వీధికంతటికీ వాచీ మెకానిక్ ఒక్కడే. కుడికంటి లోపలి పొర ఊడిపోతే డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, పొర కదలకుండా సిలికాన్ నూనె నింపింది. "నాలుగు నెలల్లో రండి, నూనె తీసేయాలి. ఉండిపోతే కన్నే పాడవుతుంది" అని చెప్పి పంపింది.

ఆ మాట అతనికి రుచించలేదు. దుకాణానికి ఏ వాచీ వచ్చినా కంటికి భూతద్దం బిగించి, మూత తీసి, "నూనె ఆరిపోయింది, మార్చాలి" అనడం అతనికి ముప్ఫై ఏళ్ల అలవాటు. వాటిలో సగం వాచీల్లో నూనె నిక్షేపంలా ఉండేది. ఉఫ్‌మని ఊది మూత పెట్టి డబ్బులు తీసుకునేవాడు. అలాంటివాడికి ఇంకొకరి మాట మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

నాలుగో నెల దాటాక ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. చూపు బాగానే ఉందని పెట్టేశాడు. ఐదో నెలలో మళ్లీ చేసింది.

"బేరాలు లేనట్టున్నాయి, వెంటపడుతున్నారు" అన్నాడు భార్యతో.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందట. వెళ్లొద్దాం పదండి."

"నువ్వూ ఆ నర్సూ ఒక్కటయ్యారా ఏంటి?"

ఏడో నెలలో చూపు కింది అంచున సన్నటి బుడగలు దొర్లసాగాయి. లోపల నూనె బుడగలుగా విరిగిపోతోందని అతనికేం తెలుసు? ఇదంతా ఆస్పత్రిలో ఇచ్చిన చుక్కల మందు వల్లేనని తేల్చి సీసా చెత్తబుట్టలో పడేశాడు. తర్వాత దీపాల చుట్టూ రంగుల వలయాలు వచ్చాయి, కనుబొమ్మ పైన పోటు మొదలైంది. అయినా మొండికేశాడు.

ఒక ఉదయం భార్య అతని గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది. నల్లగుడ్డు పై అంచున మీగడ తేలినట్టు తెల్లటి గీత. ఆమె వాదించలేదు. దుకాణానికి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో వేసుకుని, ఆటోని పిలిచింది.

డాక్టరమ్మ అతని కంట్లో ఒత్తిడి రెండుసార్లు కొలిచింది. "నూనె విరిగి ముందుకొచ్చేసింది. ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. నూనె తీస్తాను గానీ, పోయిన చూపు తిరిగి రాదండి."

"ఎంత పోయింది?"

"చాలా వరకు."

భార్య గోడవైపు తిరిగింది. అతనికి ఏడుపొచ్చింది. ఎవరి మీద కోప్పడాలో తోచలేదు. తన మీద కోప్పడడం అతనికి అలవాటు లేదు.

ఈలోగా డాక్టరమ్మ ఎడమకన్ను కూడా చూసింది. చాలాసేపు చూసింది. "ఇందులోనూ పొర ఒకచోట చిరిగింది. ఈరోజే లేజర్ చేయాలి. ఆలస్యమైతే ఇదీ ఊడుతుంది."

అతని లోపల పాత పురుగు కదిలింది. ఎడమకన్ను శుభ్రంగా కనిపిస్తోందే. ఒకటి చేతికి చిక్కింది కదా అని రెండోదానికీ ఎసరు పెడుతోందా? డాక్టరమ్మ ముఖంలోకి పరీక్షగా చూశాడు. ముప్ఫై ఏళ్లుగా నవ్వుతూ అబద్ధమాడినవాడు, అయినా ఎదుటి ముఖంలో అబద్ధం ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. రేపు వస్తామనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"సంతకం ఎక్కడ?" అన్నాడు.

భార్య అతని వేలు పట్టుకుని లేజర్ అంగీకార పత్రం మీద చోటు చూపించింది. అనుమానం తీరలేదు. అనుమానంతోనే సంతకం పెట్టాడు.